పసిబిడ్డకు పాలు కలిపే మరమనిషి

పాల కేంద్రంలో నమూనాను యంత్రంలో పెట్టగానే వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ చీటీ మీద అచ్చయి రావడం ఇప్పుడు మన సభ్యులకు వింత కాదు. డబ్బు వేస్తే పాలు పోసే యంత్రాలు కూడా పట్టణాలలో వచ్చాయి. కనుక పసిబిడ్డకు డబ్బా పాలు తానే కలిపి సీసాలో పోసి ఇచ్చే యంత్రం ఉన్నదంటే నమ్మకపోవలసిన పని లేదు. బెంగుళూరులోనో, కువైట్‌లోనో, అమెరికాలోనో కాపురమున్న మన పిల్లల ఇళ్ళలో ఇటువంటివి కనిపిస్తాయి. కాఫీ యంత్రమంత ఉంటుంది. ఒక అరలో నీళ్ళు, ఇంకొక అరలో పొడి. మీట నొక్కితే కొద్ది క్షణాలలో గోరువెచ్చని పాలు వస్తాయి. దీనినే కొందరు రోబో అనీ, మరమనిషి అనీ అంటున్నారు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పాడి రైతుకు ఇది వినగానే ఒక ఆలోచన రావడం సహజం. పొడి ఎందుకు, మన ఎనుము పాలే అందులో పోస్తే బిడ్డ పాలుగా మార్చి ఇవ్వదా? అటువంటి యంత్రాన్ని సంఘం దగ్గరే పెట్టుకుంటే ఏం? ఇవ్వదు, పెట్టుకోకూడదు అన్నదే సమాధానం. అయితే ఆ కారణాలు తెలుసుకుంటే, ఇటువంటి యంత్రాన్ని తయారు చేసేవాడు దేనికి జాగ్రత్త పడాలో, కొనేవాడు ఏమి చూసి కొనాలో కూడా తెలుస్తుంది. పాలను కొలవడం, కాచడం, చల్లబరచడం, పాత్ర కడగడం మన వృత్తి. ఈ యంత్రం చేయవలసిన పనులూ అవే.

ఎనుము పాలు బిడ్డ పాలు ఎందుకు కావు?

నూరు మిల్లీలీటర్ల తల్లిపాలలో మాంసకృత్తులు సుమారు 1 గ్రాము, చక్కెర 7 గ్రాములు, కొవ్వు 4 గ్రాములకు కాస్త లోపు ఉంటాయి. ఆవు పాలలో మాంసకృత్తులు 3 గ్రాములకు పైన, ఎనుము పాలలో 4 గ్రాముల దాకా ఉంటాయి. ఎనుము పాలలో కొవ్వు సంగతి మనకు చెప్పనవసరం లేదు, దాని మీదనే ధర కట్టుకుంటున్నాం. చక్కెర మాత్రం రెంటిలోనూ 5 గ్రాములు దాటదు. లవణాలు తల్లిపాలలో కంటె మూడు, నాలుగింతలు. దూడ నెలల్లోనే ఎదిగి పరుగెత్తాలి కనుక దానికి అవన్నీ కావాలి. మనిషి బిడ్డ మూత్రపిండాలు ఆ లవణాలను, మాంసకృత్తుల మిగులును బయటకు పంపే శక్తి ఇంకా పొందలేదు. పైగా మన పాలలోని మాంసకృత్తులలో నూటికి 80 పాళ్ళు కేసీను. కడుపులో పుల్లదనం తగలగానే అది గట్టిగా విరుగుతుంది. తల్లిపాలలో ఎక్కువ పాలు మెత్తగా జీర్ణమయ్యే తేట మాంసకృత్తులు.

సగానికి సగం నీళ్ళు కలిపితే సరిపోదా అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటారు. లెక్క వేసి చూడండి. ఎనుము పాలలో సమంగా నీళ్ళు కలిపితే మాంసకృత్తులు 2 గ్రాములకు దిగుతాయి. అదింకా తల్లిపాలకు రెట్టింపే. చక్కెర మాత్రం రెండున్నర గ్రాములకు పడిపోతుంది, కావలసిన దానిలో మూడో వంతు. ఒకటి తగ్గక, ఒకటి చాలక రెండు విధాలా చెడుతుంది. ఇనుము, కొన్ని విటమిన్లు మొదలే తక్కువ. కనుకనే ఆరు నెలల లోపు బిడ్డకు పశువుల పాలు వద్దని వైద్యులు చెప్పేది.

పశువుల పాలను బిడ్డ పాలుగా మార్చడం పెద్ద కర్మాగారంలో జరగవలసిన పని. వెన్న తీస్తారు, లవణాలు తగ్గించిన తేటపొడి కలుపుతారు, పాల చక్కెర, నూనెలు, విటమిన్లు, ఇనుము చేరుస్తారు. వేడి చేసి, చిక్కబరచి, వేడిగాలి గదిలోకి పిచికారి చేస్తే పొడిగా రాలుతుంది. ప్రతి విడతనూ ప్రయోగశాలలో పరీక్షించి గాని బయటకు వదలరు. ఇంత పనిని వంటింటి బల్ల మీద మరమనిషి చేయలేదు. ఇప్పుడున్న యంత్రాలన్నీ తయారైన పొడిని కలిపేవే.

ఎనుము పాల నుంచి ఈ పొడి చేయవచ్చునని నిరూపించింది మన దేశమే. ఎనుము పాలను పొడి చేయడం కుదరదని ఒకప్పుడు విదేశీ నిపుణులు తేల్చి చెప్పారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో, కురియన్ నడిపిన ఖేడా జిల్లా పాల సంఘంలో, హెచ్.ఎం. దలాయా అనే ఇంజనీరు దానిని చేసి చూపాడు. ఆ కర్మాగారాన్ని 1955 అక్టోబరు 31న నెహ్రూ ప్రారంభించారు. ఆ తరువాత మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఎనుము పాలలో కొవ్వు తగ్గించి, విరుగు మెత్తబడేటట్లు చేసి, విటమిన్లు చేర్చి బిడ్డ ఆహారం తయారుచేసే పద్ధతి కనుగొన్నారు. ఆనంద్ సంఘం దానిని అమ్మకానికి తెచ్చింది. అంతకు ముందు ఆ డబ్బాలు సీమ నుంచి ఓడలో రావలసినవే.

కొలత

ఇక యంత్రం సంగతి. దీనిలో అన్నిటికంటె కష్టమైన పని పొడిని కొలవడం. చూసేవారికి అది అన్నిటికంటె తేలికగా కనబడుతుంది.

శేరుతో పిండి కొలిచిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. వదులుగా పోస్తే ఒక లెక్క, తట్టి పోస్తే ఒక లెక్క. శేరు అదే, పిండి తూకం మారుతుంది. బిడ్డ పాల పొడీ అంతే. చాలా యంత్రాలలో పొడి అర అడుగున ఒక పళ్ళ చక్రం తిరిగి, ప్రతి తిప్పుకూ ఒక్కొక్క గుంట నిండా పొడి వదులుతుంది. అంటే శేరు కొలతే. యంత్రం కదలికకు అడుగున పొడి బిగుస్తుంది, పైన వదులుగా ఉంటుంది. వానాకాలం చెమ్మకు ఉండ కడుతుంది. అర ఖాళీ అవుతున్న కొద్దీ గుంట సగమే నిండవచ్చు. చక్రం మాత్రం తన లెక్క ప్రకారం తిరిగి, పని పూర్తయిందని దీపం వెలిగిస్తుంది.

తేడా వస్తే ఏమవుతుంది? సాధారణంగా నూరు మిల్లీలీటర్ల పాలకు సుమారు 13 గ్రాముల పొడి పడుతుంది. రోజుకు 600 మిల్లీలీటర్లు తాగే బిడ్డకు 78 గ్రాములు కావాలి. యంత్రం ప్రతిసారీ అయిదో వంతు తక్కువ వదిలిందనుకోండి, రోజుకు 15 గ్రాములకు పైగా పోతుంది. దాదాపు 80 కేలరీలు తగ్గినట్లు. మొత్తం 400 కేలరీలతో ఎదగవలసిన ప్రాణికి అది చిన్న లోటు కాదు. పాలు తెల్లగానే ఉంటాయి, బిడ్డ కడుపు నిండా తాగినట్లే ఉంటుంది, తూకం మాత్రం పెరగదు. పొడి ఎక్కువ పడితే ఇంకొక ప్రమాదం. లవణాలు ఎక్కువై, బిడ్డకు దప్పిక పుట్టి ఏడుస్తుంది. ఆకలికి ఏడుస్తున్నదని మళ్ళీ అవే పాలు పట్టిస్తారు.

కనుక యంత్రం చేసేవాడు పొడిని తూకం వేయాలి. మన కేంద్రాలలో పాలను లీటర్లతో గాక తూకంతో తీసుకోవడం ఎందుకు మేలో ఆలోచించండి. నురగ లీటరును మోసగిస్తుంది, తక్కెడను మోసగించలేదు. అదే సూత్రం ఇక్కడ. సీసా కింద చిన్న విద్యుత్ తక్కెడ ఉండి, నీరు ఎంత పడింది, పొడి ఎంత పడింది అని విడివిడిగా తూచాలి. రెండూ సరిపోలితేనే పాలు ఇవ్వాలి. తేడా ఉంటే పాలు ఆపి, కూత పెట్టాలి. మన కేంద్రంలో ఇచ్చినట్లు ఒక చీటీ కూడా ఇస్తే ఇంకా మంచిది. బిడ్డ తూకం పెరగలేదని ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు చూడడానికి పనికివస్తుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. డబ్బాకూ డబ్బాకూ కొలత వేరు. మన దేశపు డబ్బాలలో ఎక్కువగా 30 మిల్లీలీటర్ల నీటికి ఒక గరిటె. అమెరికా డబ్బాలలో చాలావాటికి 60 మిల్లీలీటర్లకు ఒక పెద్ద గరిటె. కొడుకో కూతురో అక్కడి నుంచి తెచ్చిన డబ్బాలో ఇక్కడి గరిటె వేసినా, ఇక్కడి డబ్బాలో అక్కడి గరిటె వేసినా లెక్క సగమో రెట్టింపో అవుతుంది. యంత్రమైతే డబ్బా మారినప్పుడల్లా దాని అమరిక మార్చాలి. మరచిపోయే అవకాశం ఇంటివాళ్ళకు వదలకుండా, డబ్బా మీది గుర్తును యంత్రమే చదివి, తెలియని పొడి అయితే పని చేయనని నిలబడాలి.

పలుచగా కలిపితే సులువుగా అరుగుతుందని జేజి అంటుంది, డబ్బా నాలుగు రోజులు ఎక్కువ వస్తుందని ఇంటాయన అనుకుంటాడు. యంత్రానికి ఈ రెండు బుద్ధులూ ఉండవు. దానివల్ల నిజంగా కలిగే లాభం ఇదొక్కటేనని మా అభిప్రాయం.

వేడి

డబ్బాలో ఉన్నది కాబట్టి పొడి శుద్ధమైనదని అందరూ అనుకుంటారు. పొడి పొడిగా ఉన్నంతవరకు అందులో సూక్ష్మజీవులు పెరగవు, నిజమే. అలాగని అందులో అసలే ఉండవనుకోరాదు. క్రోనోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి పొడిలో నెలల తరబడి నిద్రాణంగా ఉండగలదు. గోరువెచ్చని నీరు తగలగానే మేలుకుంటుంది. నెలలోపు బిడ్డలకు, నెలలు నిండక పుట్టినవారికి అది మెదడు వాపు తెచ్చి ప్రాణం తీయవచ్చు. ఇది అరుదు. అయితే 2022 ఫిబ్రవరిలో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఒక పెద్ద కర్మాగారం ఈ సూక్ష్మజీవి అనుమానం మీదనే మూతపడి, ఆ దేశమంతటా బిడ్డ పాలకు కరువు వచ్చింది.

అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2007లో ఒక నియమం చెప్పాయి. పొడి కలిపేటప్పుడు నీరు 70 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గరాదు. ఆ వేడికి ఈ సూక్ష్మజీవి చస్తుంది. కలిపిన పాలను వెంటనే తాగే వేడికి చల్లార్చి, రెండు గంటలలోపు వాడాలి.

చాలా యంత్రాలు ఇక్కడే తప్పుతాయి. బిడ్డ ఏడుస్తున్నది, పాలు క్షణంలో కావాలి. మరిగించి చల్లార్చడానికి వ్యవధి లేదు. అందుకని కొన్ని నీటిని గోరువెచ్చగా మాత్రమే చేసి కలుపుతాయి. మరికొన్ని మొదట కొద్దిగా వేడినీరు వదిలి, తరువాత వడకట్టిన చన్నీళ్ళతో నింపుతాయి. ఆ కొద్ది వేడినీరు సీసాకు, పొడికి తగలగానే వేడి దిగిపోతుంది. 2024లో బ్రిటన్‌లో స్వాన్సీ విశ్వవిద్యాలయం వారు తల్లిదండ్రుల చేతనే ఇళ్ళలో కొలిపించి చూడగా, యంత్రాలలో ఎక్కువ భాగం 70 డిగ్రీలు అందుకోలేదు. మామూలు కెటిలులో కాచిన నీళ్ళే వాటికంటె నయమని తేలింది.

దీనికి మార్గం మన డెయిరీలోనే ఉన్నది. పాలను 72 డిగ్రీలకు 15 సెకన్లు వేడి చేసే పాశ్చరైజరులో ఒక వాల్వు ఉంటుంది. పాలు ఆ వేడికి చేరకపోతే అది ముందుకు పోనివ్వదు, వెనక్కు మళ్ళించి మళ్ళీ వేడి చేయిస్తుంది. బిడ్డ పాల యంత్రంలోనూ అటువంటి అడ్డు ఉండాలి. నీటి వేడిని తొట్టిలో గాక, పొడి కలిసే చోట కొలవాలి. 70 లేకపోతే పొడి అర తలుపు తెరుచుకోరాదు. చల్లార్చడానికి చన్నీళ్ళు కలపనక్కర లేదు. శీతల కేంద్రంలో పాలకు, చల్లనీటికి మధ్య పలుచని స్టీలు రేకు మాత్రమే ఉంటుంది. ఒకటి ఇంకొకదానిని తాకకుండానే పాలు చల్లబడతాయి. అదే పద్ధతిని చిన్నదిగా చేస్తే సీసా పాలు ఒకటి రెండు నిమిషాలలో తాగే వేడికి వస్తాయి. ఆ రెండు నిమిషాలు బిడ్డ ఏడిస్తే ఏడవనివ్వాలి.

నీరు

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు భూమి అంతా సున్నపురాయి. ఇంటి ముందు పరిచిన కడప బండ ఆ నేల నుంచి వచ్చినదే, బావినీరూ ఆ రాయిలో నానినదే. ఇటువంటి నీరు కాచిన పాత్రలో తెల్లని గార కట్టడం మన ఆడవారికి తెలుసు. యంత్రంలో వేడి చేసే తీగ మీద గార కడితే వేడి నీటికి సరిగా అందదు. వేడి కొలిచే ముల్లు మీద కడితే అది తప్పు లెక్క చెప్తుంది. మెత్తని నీరున్న దేశంలో తయారైన యంత్రం ఇక్కడ కొద్ది నెలలకే తన కొలత తప్పితే ఆశ్చర్యం లేదు.

గారకంటె ముఖ్యమైనది ఫ్లోరైడ్. మన జిల్లాలో కొన్ని చోట్ల బోరు నీటిలో ఇది హద్దు మించి ఉన్నది. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. పెద్దవారు నీళ్ళతో పాటు అన్నం, కూరలు తింటారు. డబ్బా పాల మీద ఉన్న బిడ్డకు ఆహారమంతా నీటిలోనే కలిసి వస్తుంది. తన తూకానికి చూస్తే పెద్దవారికంటె ఎన్నో రెట్లు నీరు తాగుతుంది. కనుక ఊరి బోరు నీటిని పరీక్ష చేయించకుండా డబ్బా పాలకు వాడకూడదు. మైలవరం, చిత్రావతి జలాశయాల నీరు శుద్ధి చేసి సరఫరా అయ్యే చోట అదే మంచిది. లేనిచోట ఆర్.ఓ. నీరు వాడవచ్చు. దానినీ మరిగించవలసిందే.

కడగడం, కరెంటు

పొడి రాలే గొట్టం, ఆవిరి లేచే గొట్టం ఒకచోట కలుస్తాయి. అక్కడ పొడి తడిసి అంటుకుంటుంది. ఒక పూట వదిలితే పులుస్తుంది. పాల క్యాను మూత అంచు కింద, మడతలో, చెయ్యి పోనిచోట ఏముంటుందో మన కార్యదర్శులను అడగండి. చెయ్యి పోని గొట్టం ఏ యంత్రంలో ఉన్నా అది పనికిరాదు. తడి తగిలే ప్రతి భాగమూ పనిముట్టు లేకుండా ఊడి రావాలి, మరిగే నీటిలో వేసినా వంకర పోకూడదు.

కలుపుతుండగా సగంలో కరెంటు పోతే యంత్రం ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుని మళ్ళీ మొదలు పెట్టడం తెలివైన పనిగా కనిపిస్తుంది. అలా చేయకూడదు. ఆ సీసాను పారబోయమని చెప్పాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళలో సగం కలిపిన పాలు ఆగి ఉండేవి కావు.

యంత్రానికి అందని కల్తీ

ఎంత మంచి యంత్రమైనా తనలో పోసిన పొడి ఎటువంటిదో చెప్పలేదు. 2008లో చైనాలో జరిగినది పాడి రైతులందరూ గుర్తుంచుకోవలసినది. అక్కడ సేకరణ దశలోనే పాలలో నీళ్ళు కలిపారు. పరీక్షలో మాంసకృత్తులు తగ్గినట్లు తెలియకుండా మెలమైన్ అనే రసాయనం కలిపారు. పరీక్ష యంత్రం నత్రజనిని కొలిచి, దానినిబట్టి మాంసకృత్తుల లెక్క కట్టేది. మెలమైన్‌లో నత్రజని పుష్కలం. యంత్రం బాగున్నదని చీటీ ఇచ్చింది. ఆ పాలు బిడ్డ పొడిగా మారాయి. ఆరుగురు పసివాళ్ళు చనిపోయారు, సుమారు 3 లక్షల మంది జబ్బు పడ్డారు. మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడ్డాయి. మన దేశంలో ఎస్.ఎన్.ఎఫ్. చూపడానికి యూరియా కలిపేవాడూ ఇదే దారిలో నడుస్తున్నాడు. కేంద్రంలోని యంత్రం చెప్పే అంకెతో తృప్తి పడక, అప్పుడప్పుడు యూరియా పరీక్ష విడిగా చేయించడం సంఘం పని.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం తల్లిపాలకు బదులుగా వాడే పాలకు, పాల సీసాలకు ప్రకటనలు ఇవ్వడం, తల్లులకు ఉచితంగా పంచడం నేరం. రెండేళ్ళ లోపు బిడ్డల విషయంలో ఇది వర్తిస్తుంది. కనుక సంఘం గోడ మీద "మా పాలు తల్లిపాలతో సమానం" అని వ్రాయించడం తగదు. కేంద్రం ముందు బిడ్డ పాల యంత్రం పెట్టి పిలవడమూ అటువంటిదే.

తల్లి లేని బిడ్డ, తల్లికి తీవ్రమైన జబ్బు చేసిన బిడ్డ, పాలు చాలని కవలలు ఎప్పుడూ ఉంటారు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి తల్లిపాల బ్యాంకు ఉన్నది, అయితే అటువంటివి అన్ని ఊళ్ళకూ అందవు. డాక్టరు చెప్పిన మీదట డబ్బా పాలు వాడవలసిన ఇంటికి యంత్రం లేకపోయినా లోటు లేదు. లీటరు మంచినీరు తెర్లకాచి, మూత పెట్టి, అరగంట దాటకముందే వాడితే 70 డిగ్రీలకు తగ్గదు. ముందు నీరు కొలిచి పోసి, ఆ డబ్బాలోని గరిటెతోనే, నొక్కకుండా, పైన కత్తి వీపుతో సమంగా గీసి పొడి వేయాలి. కలిపిన గిన్నెను చన్నీటి పళ్ళెంలో ఉంచి తిప్పుతూ చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకోవాలి. మిగిలినవి దాచవద్దు. సీసా మూతి, పీక కడగడం కష్టం కనుక మన పాత ఉగ్గుగిన్నె, చెంచా మేలు. అవి రెండూ ప్రతిసారీ సబ్బుతో తోమి, నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, తుడవకుండా బోర్లించి ఆరనివ్వాలి.